ఇతిహాసము మనకు చూపునది



'ఇతిహాసము' అను మాటకు 'ఇది ఇట్లే జరిగినది' అని పెద్దలు అర్థము చెప్పిరి. జరిగిపోయిన దానిని మరల చదువుట ఎందులకు? సమాధానమునకు మనము దూరము పోనక్కరలేదు. రుద్రంగి నుండి రాజన్న దర్శనమునకు మనము వెళ్లుచుండు వేములవాడయే చెప్పగలదు.

వేయి సంవత్సరముల క్రిందట వేములవాడ చాళుక్యుల రాజధాని. వారు రాష్ట్రకూటులకు సామంతులు. చక్రవర్తియైన నాలుగవ గోవిందుడు, శరణు జొచ్చిన విజయాదిత్యుని అప్పగింపుమనగా, రెండవ అరికేసరి నిరాకరించి, యుద్ధమున గెలిచి, ఆ సింహాసనమును మరియొకరికి ఇప్పించెనని పంపకవి కన్నడమున వ్రాసెను. ఆస్థానకవి మాట గనుక కొంత తగ్గించి చదువుకొందము. అయినను సామంతుని బలము ప్రభువునకు మించినదని తెలియుచున్నది గదా! 972లో పరమారులు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటమును కొల్లగొట్టిరి. మరుసటి యేడే మరియొక సామంతుడు తైలపుడు ఆ రాజ్యమును గైకొనెను. వేములవాడ చాళుక్యుల ప్రాభవమును దానితోనే అంతరించెను.

తైలపుని వంశమునకు సామంతులైనవారు కాకతీయులు. రెండవ ప్రోలుడు తన ప్రభువైన మూడవ తైలపుని యుద్ధమున బంధించియు భక్తిచేత విడిచిపెట్టెనని హనుమకొండ శాసనము. ఆ భక్తి ఒక తరము నిలువలేదు. కుమారుడు రుద్రదేవుడు 1163 నాటికి స్వతంత్రుడయ్యెను; జగిత్యాల చెంతనున్న పొలాస మేడరాజును జయించెను. 1323లో ఓరుగల్లు పడగానే కాకతీయుల నాయకులును ఎవరికి వారే ప్రభువులైరి.

ఇదంతయు కాలమహిమ యని కొందరు భక్తులు చేతులు జోడించి ఊరకుందురు. మేము అందుకు సమ్మతింపము. కాళిదాసు రఘువంశమును చూడుడు. దిలీపుడు గోసేవ చేసినాడు. ఆ వంశముననే పుట్టిన అగ్నివర్ణుడు, దర్శనమునకు వచ్చిన ప్రజలకు కిటికీలోనుండి కాలు మాత్రము చూపినాడు! కాలము తనంత తాను ఆ కాలిని కిటికీలో పెట్టలేదు. క్రిందనుండి పైకి వచ్చినవాడు, తాను క్రిందనున్నప్పుడు ఏమి సహింపలేకపోయెనో దానినే పైకి వచ్చిన పిమ్మట తానును చేయును. అత్తయు ఒక ఇంటి కోడలే యని మన ఇండ్లలో అనుకొనుట లేదా? సంఘములలోను, ఆలయ పాలకవర్గములలోను ఇదే జరుగును. మేమును ఇందుకు వెలి కాము.

నలుబది రెండు యుద్ధములు గెలిచినవాడని కీర్తిగాంచిన బద్దెగుడు ఈ వేములవాడ రాజే. అతని పేరిట వెలసిన బద్దెగేశ్వరమే నేటి భీమేశ్వరాలయమని పరిశోధకులు గుర్తించిరి. కోడె మ్రొక్కు తీర్చుకొని మనము అచ్చటికిని పోయి భీమన్నకు దండము పెట్టి వచ్చెదము. బద్దెగుని పేరు అడుగువారు లేరు.