పారిశ్రామికోత్పత్తి సూచిక: తొలి అంచనా, తుది సంఖ్య

అమీర్‌పేట మైత్రీవిహార్‌లో అరబిందో ఫార్మా, పంజాగుట్ట నాగార్జున హిల్స్‌లో నాగార్జున ఫర్టిలైజర్స్ సంస్థలు తమ కార్యాలయాలను నెలకొల్పాయి. అయితే మందులు గాని, యూరియా గాని తయారయ్యేది అక్కడ కాదు. యూరియా కర్మాగారాన్ని కాకినాడలో నిర్మించారు. ఉత్పత్తి లెక్క కర్మాగారంలో పుట్టి, పలు కార్యాలయాలు దాటి ఢిల్లీకి చేరుతుంది. అన్ని లెక్కలూ ఒకేసారి చేరవు. నెలవారీ గణాంకాల సవరణకు ప్రధాన కారణం ఇదే.

జాతీయ గణాంక కార్యాలయం ప్రకటించే పారిశ్రామికోత్పత్తి సూచికలో, 2011-12 ఆధార సంవత్సర శ్రేణి ప్రకారం, తయారీ రంగం వాటా 77.63 శాతం, అందులో ఔషధాలది 4.98 శాతం. గడువులోగా అందిన వివరాలతో వెలువడేది త్వరిత అంచనా. ఆలస్యంగా అందినవాటినీ, సరిదిద్దినవాటినీ చేర్చి దానిని సవరిస్తారు. పూర్వం రెండుసార్లు సవరించేవారు; 2025 నుండి మరుసటి నెలలోనే తుది సవరణ జరుగుతోంది.

ఈ సవరణ ఎంత పెద్దది కాగలదో 2012 జనవరి సూచిక నిరూపించింది. చక్కెర ఉత్పత్తిని 58.09 లక్షల టన్నులకు బదులు 134.08 లక్షల టన్నులుగా లెక్కించడంతో వృద్ధి 6.8 శాతంగా వెలువడింది, సవరించగా 1.1 శాతానికి తగ్గింది. తొలి ప్రకటనను గ్రహించిన వ్యాసమూ, సవరించిన ప్రకటనను గ్రహించిన వ్యాసమూ అధికారిక మూలాన్నే ఉటంకిస్తాయి. నిర్ణయాలు మాత్రం భిన్నమవుతాయి.

కావున నెలతో పాటు ప్రకటన తేదీని కూడా పేర్కొనడం పరిశోధకుల బాధ్యత. పద్యానికి వలెనే సంఖ్యకూ పాఠాంతరాలుంటాయి. ఏ ప్రతి నుండి గ్రహించారో చెప్పనిదే అది ప్రమాణం కాజాలదు.