ఇంట్లో స్కౌటు ఉంటే...

(మహిళా కార్యక్రమంలో ప్రసంగం)



మీ ఇంట్లో బట్టలారేసే తాడు అకస్మాత్తుగా మాయమైందా? మంచంకోళ్లకీ, కిటికీ ఊచలకీ, ఆఖరికి మీరు కూర్చునే కుర్చీకాలికీ రకరకాల ముడులు కనబడుతున్నాయా? అయితే సందేహం లేదు. మీ అబ్బాయి బడిలో స్కౌట్సులో చేరి ఉంటాడు, లేదా మీ అమ్మాయి గైడ్సులో చేరి ఉంటుంది.

యూనిఫారం కుట్టించమనీ, స్కార్ఫు కొనమనీ, క్యాంపుకి డబ్బులిమ్మనీ పిల్లలు వెంటపడుతూంటే, "చదువు మానేసి ఈ తాళ్ల ఆటలేమిట్రా" అని విసుక్కోని తల్లి ఉండదేమో. నేనూ విసుక్కున్నదాన్నే. విసుక్కోవడమే కాదు, మా మేనల్లుణ్ణి చూసి పడీపడీ నవ్వినదాన్ని. ఆ నవ్వు ఎలా ఆగిపోయిందో చెప్పడానికే ఇవాళ మీ ముందుకి వచ్చాను.

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. కొత్తమ్మతల్లి జాతర జరిగే ఊరంటే ఆ జిల్లావాళ్లకి ఇట్టే తెలుస్తుంది. 2018లో దసరాకని పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లాను. మా అన్నయ్య కొడుకు అప్పుడు ఎనిమిదో తరగతి, బడిలో స్కౌటు. పెరట్లో మా అమ్మ పెయ్యదూడని గుంజకి కడుతూంటే పక్కన నిలబడి, "మామ్మా, అలా కట్టకూడదు. అది పీటముడి. తడిసిందంటే ఊడిరాదు" అన్నాడు.

"నీ బాబు పుట్టకముందునుంచీ పెయ్యల్ని కడతన్నానురా. నువ్వు నాకు సెప్తావేటి?" అంది మా అమ్మ. నేనూ మా వదినా ఒకటే నవ్వు. వాడు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే తిత్లీ తుపాను వచ్చింది. అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య, పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 దాకా. మా ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ హోరులో పెయ్య అరుపు విని, మేం వారిస్తున్నా వినకుండా, మా అమ్మ శాలలోకి వెళ్లింది. పలుపు విప్పుదామంటే ముడి తడిసి రాయిలా బిగిసిపోయింది. గింజుకుని గింజుకుని, బురదలో కాలు జారి, కుడిచెయ్యి కింద పెట్టి పడింది.

కొడవలితో పలుపు కోసి పెయ్యని వదిలిందీ, మామ్మని లోపలికి తీసుకొచ్చిందీ ఆ పిల్లాడూ వాళ్ల నాన్నా. మేం ఆడవాళ్లం ఏడుపు మొదలెట్టాం. వాడు మాత్రం ముందు, "మామ్మా, ఆ చేతి గాజులు తీసెయ్యాలి. వాపొస్తే తర్వాత రావు" అన్నాడు. మా నాన్న ఎదురుగా ఉండగా గాజులు తీయడమా? మా అమ్మ ససేమిరా అంది. వాడొక్క క్షణం ఆలోచించి, "పోనీ, తీసి ఎడంచేతికి వేసుకో మామ్మా" అన్నాడు. దానికి ఒప్పుకుంది. వాడు ఓ వారపత్రికని మడిచి ముంజేతి కింద దన్నుగా పెట్టాడు. తన స్కార్ఫుతో చేతిని మెడకి వేలాడేసి కట్టాడు. రోడ్డుమీద చెట్లు పడిపోయాయి. ఫోన్లు మూగబోయాయి. మధ్యాహ్నానికి గాని టెక్కలి తీసుకెళ్లలేకపోయాం. అంతసేపూ ఆ కట్టే మా అమ్మని కాపాడింది.

అప్పటినుంచీ స్కౌటు విద్య అంటే ఏమిటా అని, పదో తరగతి చదువుతోనే ఆగిపోయిన నేను, పిల్లల పుస్తకాలు తిరగేస్తూ వచ్చాను.

ఇది కొత్త విద్యేం కాదు. బేడెన్ పవెల్ అనే సైనికాధికారి 1907లో ఇంగ్లండు దగ్గర బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో కొద్దిమంది కుర్రాళ్లతో క్యాంపు పెట్టి ఆరంభించాడు. ఆ కుర్రాళ్లలో గొప్పింటివాళ్లూ ఉన్నారు, కష్టజీవుల బిడ్డలూ ఉన్నారు. రెండేళ్లకి లండనులో స్కౌట్ల ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే ఆడపిల్లలు వచ్చి, మేమూ స్కౌట్లమే అన్నారు. అలా 1910లో గైడ్సు పుట్టింది. మనదేశంలో 1909లోనే మొదలైనా, మొదట్లో మన పిల్లల్ని చేర్చుకోలేదు. 1916లో అనీబిసెంటు మద్రాసులో మన పిల్లలకోసం విడిగా సంఘం పెట్టారు. తర్వాత మదనమోహన మాలవీయ మొదలైనవారి సేవాసమితి స్కౌట్లు వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఈ సంఘాలన్నీ కలిసి ఒకటయ్యాయి. మరుసటి ఏడు గైడ్సు కూడా చేరి, ఇప్పటి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పూర్తి రూపానికి వచ్చింది. చిన్నపిల్లలైతే కబ్బులు, బుల్‌బుల్‌లు. పదేళ్లు దాటితే స్కౌట్లు, గైడ్లు. "సిద్ధంగా ఉండు" అన్నది వాళ్ల నినాదం.

మరి పిల్లలు సిద్ధంగా ఉండాలంటే వారానికో గంట బడిలో నేర్చుకుంటే సరిపోతుందా? సంగీతానికి సాధన ఎలాగో దీనికీ అలాగే. ఆ సాధన జరగవలసింది మన ఇంట్లో. అందుకు మనం ఏం చెయ్యవచ్చో చెబుతాను.

మొదట ముడుల సంగతి. మంచి ముడికి రెండు గుణాలుండాలి. పట్టవలసినప్పుడు పట్టాలి, విప్పవలసినప్పుడు విడిపోవాలి. మనం అలవాటుగా వేసే ముడికి ఈ రెండూ ఉండవు. అయితే జారిపోతుంది, లేకపోతే పీటముడి పడుతుంది. ఈ నాలుగూ వస్తే ఇంటి అవసరాలు చాలావరకు తీరతాయి.

ఒకటి, రీఫ్ నాట్. కుడిచేతి కొనని ఎడమ కొనమీదుగా వేసి మెలితిప్పండి. రెండోసారి ఎడమచేతి కొనని కుడి కొనమీదుగా వేసి మెలితిప్పండి. రెండుసార్లూ ఒకే వైపునుంచి వేస్తే మళ్లీ మన పాత ముడే. కట్లు కట్టడానికీ, పొట్లాలకీ ఇది బాగుంటుంది. బరువు మోసే తాళ్లని కలపడానికి మాత్రం పనికిరాదు.

రెండు, షీట్ బెండ్. లావుతాడుకి సన్నతాడు కలపాలంటే ఇది. లావుతాడు కొనని వంచి పట్టుకోవాలి. సన్నతాడు కొనని ఆ వంపులోంచి పైకి తీసి, రెండు పాయల వెనకనుంచి చుట్టి తెచ్చి, దాని కిందనుంచి దానినే దూర్చి లాగాలి.

మూడు, బోలైన్. నడుముకి వేసినా లోపలి చుట్టు బిగుసుకోదు. తాడులో చిన్న చుట్టు వెయ్యండి. అది కుందేలు కలుగు. పైకి పోయే తాడు చెట్టు. చేతిలోని కొన కుందేలు. కుందేలు కలుగులోంచి పైకి వచ్చి, చెట్టు వెనకగా తిరిగి, మళ్లీ అదే కలుగులోకి దూరుతుంది. పిల్లలకి ఇలా చెబితే ఒక్కపూటలో వచ్చేస్తుంది.

నాలుగోది మా అమ్మకి పనికొచ్చి ఉండవలసినది. గుంజ చుట్టూ తాడు రెండుసార్లు చుట్టి, ఆ తాడుమీదే రెండు అరముడులు వెయ్యాలి. తాడు లాగుతూ ఉన్నా దీన్ని విప్పుకోవచ్చు. మీ డాబామీద బట్టలతాడుకి ఇదే కట్టించండి. ఒక్కమాట మాత్రం మరవకండి. ఆటకైనా సరే, మెడకి తాడు కట్టడం ఎవరినీ చెయ్యనివ్వవద్దు.

రెండోది ప్రథమ చికిత్స. స్కౌటు మెడలోని స్కార్ఫు అలంకారం కాదు, మూడు మూలల కట్టుగుడ్డ. స్కార్ఫు లేకపోతే పాత చీర ముక్కని చదరంగా కోసి, ఐమూలగా మడిస్తే సరి. చెయ్యి విరిగిందనిపిస్తే ముందు ఆ చేతి గాజులూ ఉంగరాలూ తీసెయ్యాలి. సరిచేద్దామని లాగకూడదు. గుడ్డ మొన మోచేతి వైపుండాలి. పై కొన బాగున్న చేతి వైపు భుజంమీదుగా పోవాలి. కింది కొనని దెబ్బతిన్న చెయ్యిమీదుగా పైకి తెచ్చి, మెడ పక్కన రీఫ్ నాట్ వెయ్యాలి. మణికట్టు మోచేతికంటే కాస్త ఎత్తులో ఉండాలి. వేళ్లు బయటికి కనబడుతూ ఉండాలి. అవి నీలంగా మారినా, చల్లబడినా కట్టు బిగిసిందన్నమాట, వదులు చెయ్యాలి.

వంటింట్లో కాలిందనుకోండి. సిరా, పళ్లపేస్టు, పిండి, ఇవేవీ వద్దు. ఐసుముక్కా వద్దు. కుళాయి కింద 20 నిమిషాలు ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పాలి. బొబ్బ చిదపకూడదు. ముక్కునుంచి రక్తం కారితే మనం తల వెనక్కి వాలుస్తాం. అది పొరపాటు. తల ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి.

పాముకాటు సంగతి మరీ ముఖ్యం. పాత పుస్తకాల్లో తాడు బిగించి కట్టమనీ, గాటు పెట్టమనీ ఉండేది. ఇప్పుడు వైద్యులు రెండూ వద్దంటున్నారు. నోటితో పీల్చకూడదు, మంత్రాలతో కాలం గడపకూడదు. కరిచిన చోటు కదలకుండా దన్ను పెట్టి, మనిషిని నడిపించకుండా, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 108 నెంబరు మీ పిల్లలకి నిద్దట్లో అడిగినా వచ్చి తీరాలి.

ఇక విరేచనాలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా అంచుకి సమంగా ఉండాలి గాని గోపురంగా కాదు. ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకి ప్రమాదం. ఆ నీళ్లు ఆ ఒక్కరోజుకే. మందుల షాపులో ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే మరీ మంచిది. దానిమీద ఎన్ని నీళ్లు రాశారో అన్నీ పోసి, పొట్లమంతా ఒక్కసారే కలపాలి. ఈ కొలత పిల్లల చేతే చేయించండి.

మూడోది చూపు. వాన పడే సాయంత్రం ఒక పళ్లెంలో ఇరవై వస్తువులు పెట్టండి. అట్లకాడ, జాజికాయ, బొత్తాం, తాళంచెవి, ఏదైనా సరే. ఒక్క నిమిషం చూపించి గుడ్డ కప్పండి. ఎన్ని గుర్తున్నాయో అందరూ కాగితంమీద రాయాలి. దీన్ని స్కౌట్లు కిమ్ ఆట అంటారు. తాతగారినీ కూర్చోబెట్టండి, సరదాగా ఉంటుంది. వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకోగలిగిన పిల్లవాడు, కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు వెతికి తేగలడు.

తుపాను పెట్టె కూడా పిల్లల బాధ్యతగా అప్పగించండి. టార్చీ, సెల్లులు, ప్లాస్టిక్ కవరులో అగ్గిపెట్టె, తాగేనీళ్లు, అటుకులు, బెల్లం, వేసుకునే మందులు, రేషను కార్డు, ఆధార్ నకళ్లు, ఒక ఈల. సెల్లులతో పనిచేసే చిన్న రేడియో కూడా పెట్టండి. సెల్‌ఫోను ఆరిపోయిన రోజున అదే దిక్కు. నెలకోసారి పెట్టె విప్పి చూసి, పాతబడినవి మార్చవలసింది ఆ పిల్లవాడే. ఇంకో సంగతి వాడికి చెప్పి ఉంచండి. తుపానులో గాలి ఒక్కసారిగా ఆగిపోతే తగ్గిందనుకుని బయటికి రాకూడదు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి రెండోవైపునుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

చివరిగా తల్లులకి మూడు మనవులు. వాడు నేర్చుకున్నది మీకు నేర్పమని అడగండి. నేర్పినప్పుడే విద్య గట్టిపడుతుంది. తప్పు చేస్తే లాక్కుని మీరే చెయ్యకండి, విప్పి మళ్లీ వెయ్యమనండి. ఆదివారంనాడు దగ్గరుండి ఒక్కపూట వంట చెయ్యనివ్వండి. ఉప్పు ఎక్కువైనా తినండి. ఇక ఆడపిల్లని క్యాంపుకి పంపేటప్పుడు ఎవరెవరు తోడు వెళుతున్నారో, పడక ఎక్కడో, ఫోను ఎవరి దగ్గరుంటుందో తప్పకుండా కనుక్కోండి. కనుక్కున్నాక పంపండి. భయపడి మానిపించకండి.

ముఖ్యంగా నవ్వకండి. పన్నెండేళ్ల పిల్లవాడు ఇంటికి పనికొచ్చే మాట చెప్పినప్పుడు మనం నవ్వితే, రెండోసారి చెప్పడు. ఆ రోజు మా మేనల్లుడు మా నవ్వు మనసులో పెట్టుకోకపోవడం మా అదృష్టం.

మా అమ్మ చెయ్యి అతుక్కోవడానికి నెలపైన పట్టింది. సిమెంటుకట్టు విప్పాక నేను చూడ్డానికి వెళితే పెరట్లో గుంజ దగ్గర మనవడితోపాటు నిలబడి ఉంది. ఎడంచేత్తో పలుపు పట్టుకుని, "ఏదీ, ఆ ముడి మళ్లీ ఓపాలి సూపరా, మెల్లిగా" అంటోంది. నేనూ చెంగు దోపుకుని పక్కన నిలబడ్డాను.

మీరూ ఇవాళ సాయంత్రం పిల్లలు బడినుంచి రాగానే ఓ గజం తాడు చేతికిచ్చి అడిగి చూడండి.