సియెర్రా సరస్సుల్లో ట్రౌట్ వేట: అపోహలు – వాస్తవాలు

మే నెలాఖరున మెమోరియల్ డేకి మూడు రోజులు సెలవు వస్తుంది. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు నలుగురు కూడి, టెంటూ గాలపు కర్రలూ కొనేసి, సియెర్రా నెవాడా కొండల్లో ఏదో ఒక సరస్సు ఒడ్డున రెండు రాత్రులు పడుకుందాం, ట్రౌట్ చేపలు పట్టి వేయించుకు తిందాం అనుకుంటారు. ఏటా ఆ కొండలెక్కే మనిషిని కనుక ఆ మాట వింటే నాకు సంతోషమే. అయితే ఆ మాట వెంట వచ్చే కొన్ని నమ్మకాలు వింటే దిగులు వేస్తుంది. వాటిలో కొన్ని ప్రయాణాన్ని చెడగొడతాయి, కొన్ని సరస్సునే చెడగొడతాయి.

అపోహ: మేలో ఎండలు ముదిరాయి కాబట్టి అదే అదను

ఎండలు ముదిరింది లోయలో. పదివేల అడుగుల ఎత్తున మే నెలంటే ఇంకా చలికాలపు తోకే. అక్కడి సరస్సులు చాలావరకు జూన్‌లో కరుగుతాయి. మంచు ఎక్కువ పడిన ఏడాది జూలై దాకా గడ్డకట్టే ఉంటాయి. 2023లో యోసెమిటీ నేషనల్ పార్కు మీదుగా తూర్పు వైపుకు వెళ్లే టయోగా రోడ్డును జూలై 22న గానీ తెరవలేకపోయారు. ఆ ఏడు మే నెలకు సెలవు పెట్టుకున్నవాళ్లకు సరస్సు సంగతి అటుంచి, దారే లేదు.

జూన్ చివర, జూలైలలో నీళ్లు తెరుచుకుంటాయి, దోమలూ అప్పుడే విరుచుకుపడతాయి. నన్నడిగితే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా మంచి కాలం. దోమలు తగ్గుతాయి, దారుల్లో రద్దీ పలచబడుతుంది. బ్రూక్ ట్రౌట్‌కు గుడ్లు పెట్టే కాలం దగ్గరపడి, మగ చేపల పొట్ట కింద నారింజ రంగు నిప్పులా మెరుస్తుంది. రాత్రిళ్లు మాత్రం నీళ్ల సీసా గడ్డకట్టేంత చలి ఉండొచ్చు.

అపోహ: నిర్మానుష్యమైన కొండ సరస్సు అంటే దాని నిండా ఎప్పటినుంచో చేపలుంటాయి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

భీమవరం నుంచి మా మామగారు వచ్చినప్పుడు ఆయన్ను లిటిల్ లేక్స్ వ్యాలీకి తీసుకెళ్లాను. 395 హైవే మీద టామ్స్ ప్లేస్ దగ్గర మళ్లి, రాక్ క్రీక్ వెంబడి పైకి వెళ్తే మస్కిటో ఫ్లాట్ దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కడికే పదివేల అడుగుల పైమాట. అక్కణ్నుంచి నడక. రెండు మైళ్లు వెళ్తే లాంగ్ లేక్, ఇంకాస్త వెళ్తే చికెన్‌ఫుట్ లేక్, ఆ పైన జెమ్ లేక్స్. చుట్టూ 13,000 అడుగులు దాటిన శిఖరాలు. మొదటిసారి వీపున మూట వేసుకుని నడిచేవాళ్లకు ఇంతకంటే దయగల లోయ నాకు తెలియదు. ఆయన ఒడ్డున కూర్చుని నీళ్లలోకి చాలాసేపు చూసి, "అల్లుడుగారూ, ఇందులో పిల్ల ఎవరు వదిలారు?" అని అడిగారు.

చేపల చెరువుల మధ్య పెరిగిన మనిషి అడగాల్సిన ప్రశ్న అది. సియెర్రా సరస్సుల గురించి ఎవరైనా మొదట అడగాల్సిందీ అదే. ఎందుకంటే వదిలినవాళ్లు నిజంగానే ఉన్నారు.

ఈ సరస్సుల్ని తొలిచినవి హిమానీనదాలు. అవి కరిగి వెనక్కి తగ్గాక గుంటల్లో నీరు నిలిచింది కానీ, కింది నదుల్లోని చేపలకు పైకి వచ్చే దారి లేదు. మధ్యలో జలపాతాలు గోడల్లా నిలబడ్డాయి. కెర్న్ నది పైభాగం లాంటి కొద్ది చోట్లను మినహాయిస్తే, ఎత్తైన సియెర్రా సరస్సులన్నీ వేల ఏళ్లపాటు చేప అన్నది ఎరగవు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి మనుషులు కంచరగాడిదల మీద, పాల క్యాన్లలో చేపపిల్లల్ని మోసుకెళ్లి వదిలారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల్లోంచి కుమ్మరించారు. నీలగిరుల్లో, కశ్మీరులో ఇంగ్లీషువాళ్లు చేసిందీ ఇలాంటి పనే.

కాలిఫోర్నియా రాష్ట్ర చేప గోల్డెన్ ట్రౌట్ కథ ఇంకా ముచ్చటైనది. అది కెర్న్ పరీవాహకంలో పుట్టిన చేప. 1876లో 13 చేపల్ని పక్క పరీవాహకంలోని కాటన్‌వుడ్ క్రీక్‌లోకి మార్చారు. వాటి సంతతే కాటన్‌వుడ్ లేక్స్‌కు, అక్కడి గుడ్ల నుంచి మరెన్నో సరస్సులకు పాకింది.

కానీ ఈ పనికి ఓ మూల్యం ఉంది. పసుపు కాళ్ల కొండకప్ప ఒకటి ఈ సరస్సుల్లో ఒకప్పుడు ఎక్కడ అడుగుపెట్టినా కనిపించేది. దాని తోకకప్పలు కప్పలుగా మారడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ అవి చలికాలంలో అడుగుదాకా గడ్డకట్టని లోతైన నీళ్లలోనే బతకాలి. మనిషి చేపల్ని వదిలింది సరిగ్గా ఆ లోతు నీళ్లలోనే. చేపలు తోకకప్పల్ని తినేశాయి. పైగా కైట్రిడ్ అనే బూజు తెగులు వచ్చిపడింది. రోలండ్ న్యాప్, వాన్స్ వ్రెడెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఈ లోయల్లో తిరిగి పరిశీలించారు. కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్కులో కొన్ని సరస్సుల నుంచి చేపల్ని తీసేస్తే కప్పలు వేగంగా తిరిగొచ్చాయి. 2014లో సియెర్రా పసుపు కాళ్ల కప్పను అంతరించే ప్రమాదంలో ఉన్న జీవిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. యోసెమిటీలో చేపలు వదలడం 1991 నాటికే ఆగిపోయింది.

ఇదంతా మన ప్రయాణానికి ఎందుకంటే, మ్యాపులో నీలంగా కనిపించిన ప్రతి సరస్సులోనూ చేప ఉండదు. పిల్లల్ని వదలడం మానేశాక, గుడ్లు పెట్టడానికి తగిన వాగు లేని సరస్సులు క్రమంగా ఖాళీ అయ్యాయి. కొన్నింటిని కప్పల కోసం కావాలనే ఖాళీ చేశారు. బయల్దేరేముందు రేంజర్ ఆఫీసుకు ఒక ఫోను చేసి, ఏ సరస్సులో ఏ చేప ఉందో అడగండి. పెద్ద సరస్సు, లోతైన సరస్సు అని చూసి ఎంచుకుంటే రెండు రోజులు ఖాళీ నీళ్లలో గాలం వేసి రావాల్సి వస్తుంది.

అపోహ: అడవే కదా, కాగితాలెందుకు?

కాగితాలు రెండు మూడు రకాలున్నాయి, వీటిని కలిపేసుకుని చాలామంది ఇబ్బంది పడతారు. రాత్రి బస చేయాలంటే వైల్డర్‌నెస్ పర్మిట్ కావాలి. లిటిల్ లేక్స్ వ్యాలీ ఉన్న ఇన్యో నేషనల్ ఫారెస్ట్‌లో రద్దీ దారులకు రోజుకు ఇంతమందే అని లెక్క ఉంది. అందులో 60 శాతం ఆరు నెలల ముందు, మిగతా 40 శాతం రెండు వారాల ముందు విడుదల చేస్తారు. శనివారం దొరక్కపోతే ఆదివారం లోపలికెళ్లి మంగళవారం రండి. లెక్క లోపలికి అడుగుపెట్టే రోజుకే.

గ్యాస్ స్టవ్ వెలిగించాలన్నా ఫెడరల్ అటవీ భూముల్లో క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. అది ఉచితం, ఆన్‌లైన్‌లో వస్తుంది. కట్టెల మంట సంగతి వేరు. చెట్లు ఒక్కో అంగుళం పెరగడానికి ఏళ్లు తీసుకునే ఎత్తులో ఎండుకొమ్మ కూడా విలువైనదే, అందుకే యోసెమిటీలో 9,600 అడుగుల పైన మంట పూర్తిగా నిషేధం. ఇన్యోలోనూ పై లోయల్లో చాలాచోట్ల అంతే.

ఇక ఫిషింగ్ లైసెన్స్. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఉండాలి. "నా పేరున ఉంది, నాన్నగారు ఊరికే కాసేపు పట్టుకుంటారు" అంటే కుదరదు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఒకరోజుకో రెండురోజులకో లైసెన్స్ దొరుకుతుంది. మా మామగారికి అలాగే తీసుకున్నాను. రోజుకు ఎన్ని చేపలు, ఏ ఎర అన్నది సరస్సును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఎదురుముల్లు లేని గాలంతో కృత్రిమ ఎరలే వాడాలి.

అపోహ: జిమ్‌కి వెళ్లేవాళ్లకు ఎత్తు ఏమీ చేయదు

కొండజబ్బుకు కండబలంతో సంబంధం లేదు. మారథాన్ పరుగెత్తే కుర్రాడు తలనొప్పితో, వాంతులతో టెంటులో పడుకుంటే, పక్కనే అరవై ఏళ్ల అత్తయ్య చక్కగా తిరగడం నేను చూశాను. సముద్రమట్టంలో ఉండే శాన్‌హోసేలో పొద్దున బయల్దేరి సాయంత్రానికి పదివేల అడుగుల ఎత్తున మూట మోయడం ఒంటికి అన్యాయం చేయడమే. మొదటి రాత్రి దారి మొదట్లో, వీలైతే ఇంకా కిందనే పడుకోండి. నీళ్లు బాగా తాగితే చాలు, జబ్బు రాదన్నదీ నిజం కాదు. తలనొప్పికి తోడు తూలడం, ఆయాసం, మాట తడబడటం కనిపిస్తే చేపల సంగతి మరిచి వెంటనే కిందికి దిగాలి. దానికి మందు దిగడమే.

అపోహ: అన్నం వండుకుంటే సరి, తిండికి లోటేముంది

పదివేల అడుగుల దగ్గర నీళ్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా మామూలు గిన్నెలో నీళ్ల వేడి అంతకు మించదు. బియ్యం పలుకు పలుకుగా ఉండిపోతుంది, కందిపప్పు అసలే ఉడకదు, గ్యాస్ అయిపోతుంది. అటుకులు, వేయించిన ఉప్మారవ్వ, నూడుల్స్ పట్టుకెళ్లండి. చిన్న డబ్బాలో ఆవకాయ, కందిపొడి ఉంటే ఆ చలిలో ప్రాణం లేచొస్తుంది. చేపల మీద నమ్మకం పెట్టుకుని తిండి తగ్గించుకోవద్దు. పడితే పండగ, పడకపోయినా కడుపు నిండాలి.

ఆ తిండంతా ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి. చెట్టుకు వేలాడదీస్తే చాలన్న పాత సలహా సియెర్రాలో చెల్లదు. అక్కడి నల్ల ఎలుగుబంట్లు ఆ తాళ్ల విద్య ఎప్పుడో నేర్చేసుకున్నాయి. యోసెమిటీ అడవుల్లోనూ, ఇన్యోలో చాలాచోట్లా డబ్బా తప్పనిసరి. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, ఆవకాయ అన్నీ అందులోకే. నీళ్లు అద్దంలా ఉన్నాయని దోసిట పట్టి తాగొద్దు. జియార్డియా అనే పరాన్నజీవి కంటికి కనిపించదు. వడకట్టండి, లేదా మరిగించండి.

అపోహ: పెద్ద కర్ర, దూరపు విసురు ఉంటేనే చేప

మన కొర్రమీను వేడి బురదగుంటలో ప్రాణవాయువు తగ్గినా నీటిపైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. ట్రౌట్‌కు ఆ విద్య లేదు. దానికి ప్రాణవాయువు పుష్కలంగా కరిగిన చల్లటి నీళ్లే కావాలి. కాబట్టి వాగు వచ్చి సరస్సులో కలిసేచోట వెతకండి. అక్కడ చల్లదనమూ ఉంది, కొట్టుకొచ్చే పురుగులూ ఉన్నాయి. రెండోచోటు, ఒడ్డున లేత రంగులో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ముదురు నీలంలోకి మారే గీత. అది చాలాసార్లు ఒడ్డుకు పది పదిహేను అడుగుల్లోనే ఉంటుంది. చాలామంది ఆ గీత మీద నిలబడి నడిమధ్యకు విసురుతారు, కాళ్ల దగ్గరి చేపలు వాళ్ల నీడ చూసి పారిపోతాయి. ఒడ్డుకు పది అడుగులు వెనక్కి నిలబడి, ఒంగి, ఒడ్డు వెంబడే వేయండి. మూడు ముక్కలుగా మడిచే చిన్న కర్ర, నాలుగు పౌండ్ల బరువు ఆపే సన్నని దారం, రెండు మూడు చిన్న తళుకు స్పిన్నర్లు చాలు. పొద్దున్నే, సాయంత్రం గాలి ఆగినప్పుడు బాగా పడతాయి. మధ్యాహ్నం మబ్బులు కమ్మి ఉరిమితే కార్బన్ కర్రను కింద పెట్టి, సరస్సు ఒడ్డు వదిలి వచ్చేయండి.

అపోహ: పట్టినదాన్ని వదిలేయడమే ఎప్పుడూ పుణ్యం

ఏ చేప అన్నదాన్ని బట్టి ఉంటుంది. ముదురు ఒంటి మీద లేత చుక్కలు, రెక్కల అంచున తెల్లటి గీత ఉంటే అది బ్రూక్ ట్రౌట్. దాని సొంత ఊరు అమెరికా తూర్పు తీరం. పేరుకు ట్రౌట్ గానీ, అది చార్ అనే జాతి చేప. చాలా సరస్సుల్లో అది విపరీతంగా పిల్లల్ని పెట్టి, తిండి చాలక, పెద్ద తలా సన్నటి ఒళ్లుగా మిగిలిపోయింది. అలాంటి సరస్సులో నిబంధన ఇచ్చినంత మేరకు పట్టి తినడం వల్ల సరస్సుకు నష్టం లేదు. గోల్డెన్ ట్రౌట్ తగిలితే మాత్రం నేను వదిలేస్తాను. వదిలేటప్పుడు ముందు చేతులు తడుపుకోండి. పొడిచేయి తగిలితే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి చేప తర్వాత తెగుళ్లతో చచ్చిపోవచ్చు. నీళ్లలోంచి ఎత్తకుండానే గాలం తీయండి. ఫోటో కోసం రాతి మీద పడుకోబెట్టిన చేప ఈదుకుంటూ వెళ్లినా బతుకుతుందన్న నమ్మకం లేదు.

ఇక వంట. ట్రౌట్ పొలుసు చాలా సన్నం, గీకనక్కర్లేదు. పొట్ట చీల్చి, లోపలిది తీసి, వెన్నెముక వెంట ఉన్న నల్లటి నెత్తురు గీతను బొటనవేలితో తుడిచేయండి. ఉప్పు, పసుపు, కారం ఇంటి దగ్గరే ఒక పొట్లంలో కలిపి పట్టుకెళితే సరి. చేపను నిలువునా వేయించి, తోక పట్టుకుని ఎత్తితే ముల్లు మొత్తం ఒక్కసారిగా వచ్చేస్తుంది. మా మామగారు ఆ రోజు రెండు చేపలు తిని, ఇది చెరువు చేపలా మెత్తగా లేదు, కండ గట్టిగా ఉందన్నారు.

పేగులు ఒడ్డున పారేయకూడదు, గుడారం దగ్గర అసలే వద్దు. అక్కడి రేంజర్ చెప్పిన పద్ధతిలో పారవేయండి, లేకపోతే సంచిలో కట్టి వెనక్కి తెచ్చుకోండి. చేతులు, పెనం కడిగిన నీళ్లను సరస్సుకు కనీసం 200 అడుగుల దూరాన, అంటే సుమారు డెబ్బై అంగలు నడిచి, నేల మీద చల్లండి. చేప వాసన పట్టిన చొక్కా విప్పి గుడారం బయట దూరంగా పెట్టి, వేరేది వేసుకుని పడుకోండి.