ఆరు వారాల అతిథి: షెల్టర్ కుక్కపిల్ల విశేషాలు

కుక్కపిల్ల కావాలంటే వేలు పోసి కొననక్కర్లేదు. షెల్టర్ నుంచి తెచ్చి కొన్ని వారాలు సాకి, మంచి ఇల్లు దొరకగానే అప్పగించవచ్చు. ఫాస్టరింగ్ అంటే ఇదే. మనసు వదులుకోనివ్వకపోతే మనమే దత్తత తీసుకోవచ్చు. ఈ రెండు పనుల చుట్టూ అల్లుకున్న సైన్సు, చరిత్ర, చట్టం, వంటింటి సంగతులు కొన్ని ఇవి.

వందలో బతికేవి పందొమ్మిదే

వీధిలో పుట్టిన కూన పెద్దదయ్యే అవకాశం ఎంత? కోల్‌కతాలోని ఐసర్ పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 కూనల్ని కనిపెట్టి చూశారు. ఏడు నెలల వయసుకు మిగిలినవి 19 శాతమే. 2016లో వెలువడిన ఆ పరిశోధనలో మరో చేదు లెక్క ఉంది. చనిపోయిన వాటిలో 63 శాతం ప్రత్యక్షంగానో పరోక్షంగానో మనుషుల వల్లే పోయాయి.

ఎనిమిది నుంచి పద్నాలుగు

కుక్కపిల్ల పుట్టినప్పుడు కళ్లు కనిపించవు, చెవులు వినిపించవు. రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది, మూడో వారంలో వినడం మొదలుపెడుతుంది. అప్పటి నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసిందల్లా, విన్నదల్లా దానికి మామూలు ప్రపంచం. ఆ తర్వాత ఎదురైన కొత్తదేదైనా దానికి భయమే. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి పరిశీలించి 1965లో పుస్తకంగా తెచ్చిన సంగతి ఇది. పద్నాలుగు వారాల దాకా మనిషి పొడ సోకని పిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా దగ్గరికి రాలేదు.

తల్లి నుంచి ఎనిమిది వారాల లోపు వేరు చేయకూడదు. అంతకంటే చిన్న పిల్లల్ని అమ్మకూడదని మన దేశంలో 2017 నిబంధనలు కూడా చెబుతున్నాయి. ఎనిమిది పోతే మిగిలేవి ఆరు వారాలు. కుక్కర్ విజిల్, మిక్సీ హోరు, కాలింగ్ బెల్, తాతయ్య చేతికర్ర, పిల్లల పరుగులు ఇవన్నీ ఆ ఆరు వారాల్లో అలవాటు కావాలి. షెల్టర్ బోనులో ఇవి దొరకవు, ఏ మామూలు ఇంట్లోనైనా దొరుకుతాయి.

ఒక్క రాత్రి నిద్ర చాలు

అమెరికాలో అయిదు షెల్టర్లలోని 207 కుక్కలకు ఒకటి రెండు రాత్రులు ఇళ్లలో పడుకునే వీలు కల్పించి, ఒత్తిడిని సూచించే కార్టిసాల్‌ను కొలిచారు. ఇంట్లో ఉన్నప్పుడు అది తగ్గింది. షెల్టర్‌కు తిరిగొచ్చాక మునుపటి స్థాయికే చేరింది తప్ప అంతకు మించలేదు. కాబట్టి ‘రెండు రోజులుంచి పంపేస్తే పాపం కదా’ అన్న బెంగ అక్కర్లేదు. ఇది 2019 నాటి మాట. 2023లో 51 షెల్టర్లలో చేసిన మరో అధ్యయనంలో, కాసేపు బయట తిరిగొచ్చిన కుక్కలకు దత్తత అవకాశం అయిదు రెట్లు, రాత్రిళ్లు ఇళ్లలో గడిపిన వాటికి 14 రెట్లు పెరిగినట్టు తేలింది.

నవ్వినా ఆగని మేరీ

1860లో లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్బీ అనే మహిళ తప్పిపోయిన, ఆకలితో మాడుతున్న కుక్కలకు తాత్కాలిక నీడ ఏర్పాటు చేసింది. మనుషులకే దిక్కులేకపోతే కుక్కలకు ఇల్లా అని పత్రికలు ఎద్దేవా చేశాయి. 1871లో అది బాటర్‌సీకి మారింది. 1885లో విక్టోరియా రాణి దానికి పోషకురాలైంది. ఇప్పటి రాణి కెమిల్లా తన బెత్, బ్లూబెల్‌లను తెచ్చుకున్నది అక్కడి నుంచే. మన దగ్గర 1992లో అక్కినేని అమల పూనికతో బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్, 1996లో విశాఖ జంతు సంరక్షణ సంస్థ మొదలయ్యాయి.

వీధి నుంచి రోదసికి, అక్కడి నుంచి శ్వేతసౌధానికి

1957 నవంబర్ 3న భూకక్ష్యలోకి వెళ్లిన లైకా మాస్కో వీధుల్లో పట్టుకొచ్చిన కుక్క. అది తిరిగి రాలేదు. 1960 ఆగస్టులో వెళ్లిన బెల్కా, స్త్రెల్కాలు క్షేమంగా దిగాయి. స్త్రెల్కా పిల్లల్లో ఒకటైన పుషింకాను 1961లో సోవియట్ నేత క్రుశ్చేవ్ అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుటుంబానికి బహుమతిగా పంపాడు. అది శ్వేతసౌధంలో నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటి కోసం దేశమంతటి నుంచి పిల్లలు ఉత్తరాలు రాశారు. రెండు కూనలు అలా వేరే ఇళ్లకు చేరాయి.

ఫాస్టర్‌గా వచ్చి పాతుకుపోయిన మేజర్

డెలావేర్‌లోని ఒక షెల్టర్ నుంచి బైడెన్ కుటుంబం ఒక జర్మన్ షెపర్డ్ పిల్లను మొదట సాకడానికే తెచ్చుకుంది. 2018 నవంబర్‌లో దత్తత తీసుకుంది. 2021 జనవరిలో మేజర్ శ్వేతసౌధంలో అడుగుపెట్టింది. అయితే అక్కడి హడావిడి దానికి పడలేదు. సిబ్బందిని కరవడంతో అదే ఏడాది ప్రశాంతమైన వేరే ఇల్లు చూశారు. ఒక ఇంటికి కుదరని కుక్క మరో ఇంటికి కుదరవచ్చు. ఆ సంగతి ముందే తెలుసుకోవడానికి ఫాస్టరింగ్‌ను మించిన దారి లేదు.

జనమేజయుడిని వెంటాడిన శాపం

మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవతల కుక్క సరమ కొడుకు వచ్చాడు. రాజు తమ్ముళ్లు తప్పేమీ లేకుండా వాణ్ని కొట్టారు. ఏడుస్తూ వెళ్లి చెబితే తల్లి స్వయంగా యాగశాలకు వచ్చి నిలదీసింది, ఊహించని భయం కలుగుతుందని శపించింది. ఆ శాపం పోగొట్టే పురోహితుడి కోసం రాజు వెతుక్కుంటూ తిరగాల్సి వచ్చింది.

ఒకే ఈత, వేర్వేరు తండ్రులు

ఒక తల్లి పిల్లల్లో ఒకటి నల్లగా, ఒకటి గోధుమరంగులో, ఒకటి బొచ్చుతో ఉన్నాయంటే వాటి తండ్రులు వేర్వేరు కావచ్చు. కుక్కల్లో ఇది మామూలే. కాబట్టి షెల్టర్ పిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఊహించడం కష్టం. జాతి తెలిసినా స్వభావం తెలిసినట్టు కాదు. 18 వేలకు పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నించి చేసిన 2022 నాటి అధ్యయనం ప్రకారం, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేవి సుమారు తొమ్మిది శాతమే.

గిన్నెడు పాలు మేలు కాదు

కూన కనిపించగానే మనం చేసే మొదటి పని గిన్నెలో పాలు పోయడం. కుక్క పాలతో పోలిస్తే ఆవు పాలలో మాంసకృత్తులు, కొవ్వు బాగా తక్కువ, లాక్టోజ్ ఎక్కువ. దాంతో విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న కూనకు నీరసించడానికి ఆ ఒక్కటి చాలు. పళ్లు రాని పిల్లలకు కుక్కపిల్లల పాలపొడి వాడతారు. తినే వయసు వచ్చాక మెత్తగా నానబెట్టిన కుక్కపిల్లల మేత పెడతారు.

పులుసు, పోపు దూరం

ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, ఉడికించినా అంతే. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ గుండె మీద, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ రక్తంలో చక్కెర మీద దెబ్బకొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాల్ని పాడుచేస్తాయని చాలాకాలంగా తెలుసు. దానికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండవచ్చని 2021లో అమెరికా పశువైద్యులు సూచించారు. ఆ ఆమ్లం దండిగా ఉండేది మన చింతపండులోనే. పులుసన్నం, చారన్నం కలిపి పెట్టే అలవాటున్న ఇళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఒళ్లు వెచ్చగా తగిలిందని మన పారాసిటమాల్ బిళ్ల వేయడం మరీ ప్రమాదం. కుక్క ఒంటి మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్.

ఒకే టీకా అన్నిసార్లు ఎందుకు?

1978లో బయటపడి ప్రపంచమంతా పాకిన పార్వో వైరస్ కుక్కపిల్లలకు యముడు. రక్త విరేచనాలతో రోజుల్లో ప్రాణం తీస్తుంది. నేలలో నెలల తరబడి బతుకుతుంది. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే అన్నిసార్లు.

ఇక్కడే చిక్కు. లోకం చూడాల్సిన ఆరు వారాలు, టీకాలు పూర్తికాని ఆరు వారాలు ఒకటే. దానికి పశువైద్యులు చెప్పే ఉపాయం తేలిక. వీధి నేల మీద దింపకుండా ఎత్తుకుని తిప్పండి, టీకాలు వేయించిన పెద్ద కుక్కలతోనే కలవనివ్వండి. ఇంట్లో ముందే కుక్క ఉంటే కొత్త పిల్లను రెండు వారాలు వేరే గదిలో ఉంచండి.

నట్టల మందు పిల్లల కోసమూ

ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే కూనకు సోకుతాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే రెండు వారాలకోసారి నట్టల మందు పడుతుంది. ఇవి మట్టి ద్వారా మన పిల్లలకూ సోకుతాయి. ఆడి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం ఇంటి నియమం కావాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. ఎప్పుడు గీరినా, పన్ను దిగినా చిన్నదని వదిలేయకుండా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇరవై ఎనిమిది పోయి నలభై రెండు

కూనకు పాలపళ్లు 28. నాలుగో నెల నుంచి అవి ఊడి 42 గట్టి పళ్లు వస్తాయి. చెప్పులు, సోఫా అంచులు, చార్జర్ వైర్లు పోయేది అప్పుడే. కుక్క ఒక ఏడాది మనకు ఏడేళ్లన్న లెక్క తప్పు. 2020లో లాబ్రడార్ల డీఎన్ఏ పరిశీలించిన శాస్త్రవేత్తల లెక్కలో ఏడాది కుక్క ముప్పై ఏళ్ల మనిషితో సమానం. ఎనిమిది వారాల కూన మాత్రం తొమ్మిది నెలల పసిబిడ్డ. అందుకే రోజుకు పద్దెనిమిది గంటలకు పైగా నిద్రపోతుంది. ఆడుకుందామని మన పిల్లలు లేపితే చిరాకుపడి కరుస్తుంది. ‘పడుకున్నప్పుడు ముట్టుకోవద్దు’ అన్నది పిల్లలకు నేర్పాల్సిన మొదటి పాఠం.

మూడు, మూడు, మూడు

షెల్టర్ల వాళ్లు చెప్పే ఉజ్జాయింపు సూత్రం ఇది. భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. మొదటి రోజే చుట్టాల్ని పిలిచి చూపించొద్దు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్తే మూత్రం సమస్య సగం తీరుతుంది. అలారం పెట్టుకుని లేచేది ఎవరో ముందే వంతులు వేసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

2025 ఆగస్టు 17న హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ ఊరకుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. అయిదు రోజులకు, ఆగస్టు 22న, వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. జంతుప్రేమికులు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసి వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు, అది మళ్లీ వీధికి చేరకుండా చూసే బాధ్యత వాళ్లదే. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అద్దె ఇల్లయితే మాత్రం యజమానితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇచ్చేసినా గెలుపే

కుక్క పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. అయిదో తరగతి పిల్ల ముచ్చటపడి తెచ్చుకున్న కూన, ఆమె ఉద్యోగానికి ఊరు వదిలేనాటికీ ఇంట్లోనే ఉంటుంది. అన్నేళ్ల బాధ్యత అన్ని ఇళ్లూ మోయలేవు. ఆరు వారాలు మాత్రం చాలా ఇళ్లు మోయగలవు. కూనను అప్పగించే రోజు పిల్లలు ఏడుస్తారు, నిజమే. కానీ అది వెళితేనే షెల్టర్‌లోని తర్వాతి కూనకు మీ ఇంట్లో చోటు. వదల్లేక ఉంచేసుకుంటే టీకా కార్డులో యజమాని పేరు దగ్గర మీ పేరు రాయించండి.