ఏది కొలవాలో నేర్పే చదువు

డిగ్రీలో బోటనీయో కెమిస్ట్రీయో చదివి, పీజీకి పర్యావరణ నిర్వహణ వైపు చూస్తున్న పిల్లలు ముందుగా అడిగేది ఉద్యోగాల గురించి. అడగాల్సిన ప్రశ్నే. రెండేళ్లు ఫీజులు కట్టాల్సిన ఇంట్లో ఆ మాట రాకుండా ఎలా ఉంటుంది? అయితే ఆ ఉద్యోగాల్లో రోజూ చేసే పనేమిటో తెలియకపోతే ఏ కోర్సు మంచిదో తేల్చుకోలేం. అందుకని పని దగ్గరే మొదలుపెడతాను.

పేర్లు దగ్గరగా ఉన్నా ఇక్కడ మూడు వేర్వేరు చదువులున్నాయి. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గాలి, నీరు, నేల, జీవజాలం ఏ స్థితిలో ఉన్నాయో పరిశీలించడం నేర్పుతుంది. ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ మురుగునీటి ప్లాంట్లు, పొగను వడకట్టే యంత్రాలు కట్టడం నేర్పుతుంది. మూడోది పర్యావరణ నిర్వహణ, సుస్థిరత. మొదటి రెండు చదువులూ ఇచ్చిన సమాచారాన్ని ముందు పెట్టుకుని, చట్టం ఏమంటోంది, ఖర్చెంత, నష్టం ఎవరికి అని చూసి, ఒక నిర్ణయానికి రావడంలో సాయపడే చదువు ఇది. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో, హైదరాబాద్ జేఎన్‌టీయూలో సైన్స్ పాలు ఎక్కువ. ఢిల్లీలోని టెరి స్కూల్‌లో, భోపాల్‌లోని ఐఐఎఫ్ఎంలో నిర్వహణ పాలు ఎక్కువ.

మన దేశంలో ఈ చదువంతా ఒకచోట కలిసేది పర్యావరణ ప్రభావ అంచనాలో. అందరూ ఈఐఏ అంటారు. దీనికి తొలి నోటిఫికేషన్ 1994లో వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబర్ 14 నాటిది. గని తవ్వాలన్నా, థర్మల్ ప్లాంటు పెట్టాలన్నా, మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ కట్టాలన్నా ముందు ఆ చోటు ఇప్పుడెలా ఉందో, ప్రాజెక్టు వస్తే ఏం మారుతుందో నివేదిక రాయాలి. అది రాసే కన్సల్టెన్సీకి క్వాలిటీ కౌన్సిల్ కింద ఉన్న నాబెట్ గుర్తింపు ఉండాలి. గాలి, నీరు, భూగర్భ జలం, జీవవైవిధ్యం, శబ్దం, నేల వినియోగం, సామాజిక ఆర్థిక స్థితి ఇలా 12 రంగాలకు విడివిడిగా నిపుణులు కావాలి. ఎమ్మెస్సీ అయిన కుర్రవాడు మొదట సహాయకుడిగా చేరి, కొన్నేళ్ల అనుభవంతో వీటిలో ఒక రంగానికి నిపుణుడవుతాడు.

నివేదికలో ఒక్క వర్ణన తప్పితే ఏమవుతుందో చెప్పడానికి శ్రీకాకుళం జిల్లా సోంపేట చాలు. అక్కడ 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తలపెట్టారు. ప్రాజెక్టు కాగితాల్లో ఆ నేల ఎందుకూ పనికిరాని భూమి. స్థానికులకు అది బీల. వానాకాలంలో నిండి, చుట్టూ ఉన్న పొలాలకు తడినీ, జాలర్లకు చేపనీ, పశువులకు మేతనీ ఇచ్చే లోతట్టు చిత్తడి. ఆ ఊళ్లలో చిన్నపిల్లలకైనా తెలిసిన సంగతి, వందల పేజీల నివేదికలోకి ఎక్కలేదు. జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసిందీ ఆ రోజే. రద్దుకు కారణమైన చిత్తడి నేల అంతకుముందూ అక్కడే ఉంది. సర్వేకి వెళ్లినవాళ్లు దాన్ని చూసి రాసి ఉంటే వ్యవహారం తుపాకుల దాకా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ఇదంతా మనుషుల నిజాయితీ సమస్యేనని కొందరంటారు. కొంత నిజం. కానీ నిజాయితీ ఉన్నవాడికి కూడా చూడటం నేర్పాలి. మే నెలలో వెళ్తే బీల ఎండి ఉంటుంది. ఉపగ్రహ చిత్రాన్ని ఒక్క నెలది చూస్తే బీడుగా కనబడుతుంది. అదే జిల్లాలోని తేలినీలాపురానికి వలస పక్షులు చలికాలంలో వస్తాయి. ఎండాకాలంలో లెక్కపెట్టడానికి వెళ్లినవాడికి పక్షులే ఉండవు. ఏ నెలలో వెళ్లాలో తెలియని సర్వే ఎంత శ్రద్ధగా చేసినా తప్పే చెబుతుంది.

గాలి విషయంలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఈఐఏలో గాలి నాణ్యతను సాధారణంగా ఒక్క సీజన్‌లో, వానాకాలం తప్పించి కొలుస్తారు. చాలా నివేదికల్లో ఆ సీజన్ మార్చి నుంచి మే వరకు. విశాఖపట్నం తీసుకోండి. పరిశ్రమలున్న గాజువాక ప్రాంతం చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. ఎండాకాలంలో నేల బాగా వేడెక్కి గాలి పైకి లేస్తుంది, సముద్రపు గాలి బలంగా వీస్తుంది, పొగ చెదిరిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పరిస్థితి తిరగబడుతుంది. నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని పొర మూతలా నిలుస్తుంది. పొగ ఆ కిందే చిక్కుకుంటుంది. ఫ్యాక్టరీ అదే, చిమ్నీ అదే, కొలిచే యంత్రమూ అదే. ఏప్రిల్‌లో వచ్చిన అంకెకీ జనవరిలో వచ్చే అంకెకీ పొంతన ఉండదు. మన జాతీయ ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటులో పీఎం 2.5 ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ గీతకు లోపల ఉన్నామని ఎండాకాలపు కొలత చెబితే, చలికాలం సంగతేమిటని అడగగలగాలి. ఆ ప్రశ్న వేయగలిగే విద్యార్థిని తయారుచేసిన డిపార్ట్‌మెంట్ తన పని చేసినట్టే.

ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఇలా ఉంటే, ఏది కొలవాలి అన్నది అన్నిటికంటే కష్టం. దీనికి పటాన్‌చెరును మించిన పాఠం మన దగ్గర లేదు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలతో అక్కడి నక్కవాగు, చెరువులు, బోర్లు చెడిపోయాయి. డాక్టర్ కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్యాక్టరీల నీటిని ఒకచోట శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంటు వచ్చింది. ఆ ప్లాంటును చూసిన ప్రతి ఒక్కరూ అడిగిన అంకెలు బీఓడీ, సీఓడీ.

వీటిని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పేది బీఓడీ. మన ల్యాబుల్లో నమూనాను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి చూస్తారు. సీఓడీలో సూక్ష్మజీవుల పని లేదు. డైక్రోమేట్ అనే రసాయనంతో మలినాన్ని ఆక్సీకరణం చేసి లెక్కగడతారు. ఇప్పుడు నీటిలో సూక్ష్మజీవులను చంపే మందే ఉందనుకోండి. సీసాలోని జీవులు సరిగా తినలేవు, ఆక్సిజన్ తగ్గదు, బీఓడీ తక్కువగా వస్తుంది. విషం ఎక్కువైనకొద్దీ అంకె అందంగా కనబడే ప్రమాదం ఉంది. సీఓడీ ఎక్కువగా ఉండి బీఓడీ మరీ తక్కువగా ఉంటే తెలిసినవాడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు. తెలియనివాడు రెండంకెలూ పట్టికలో నింపి పేజీ తిప్పేస్తాడు.

స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఆ ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే శుద్ధిచేసిన నీటిలో నేరుగా మందులనే వెతికింది. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బట్టకట్టే బాక్టీరియా ఆ మందుకు లొంగనివే. అవి ఊరి పొలిమేర దగ్గర ఆగవు. ఇంత పెద్ద సంగతి అంతవరకు కాగితం మీదికి రాకపోవడానికి కారణం, యాంటీబయోటిక్‌ను కొలవమని ఏ ప్రమాణమూ అడగకపోవడమే. కేంద్రం 2020 జనవరిలో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. పీజీ తరగతిలో ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివించాలని కోరుకుంటాను. సైన్స్ ఎక్కడ ఆగి విధానం ఎక్కడ మొదలవుతుందో అంత స్పష్టంగా చూపే పాఠ్యపుస్తకం నాకు తెలిసి లేదు.

ఈఐఏ నివేదిక రాసే కన్సల్టెన్సీకి డబ్బిచ్చేది ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. ఈ సంగతి విద్యార్థికి మొదటి నెలలోనే చెప్పాలి. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా బాక్సైట్ గనికి రాసిన నివేదికలోకి రష్యాలోని ఒక గని నివేదిక నుంచి భాగాలు వచ్చి చేరిన సంగతి అప్పట్లో పత్రికలకెక్కింది. డబ్బిచ్చేవాడి ఒత్తిడి తప్పదు. దాని మధ్య నిలబడటానికి మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు. తన కొలత ఎందుకు సరైనదో వాదించి ఒప్పించే చేవ కావాలి, అది చదువులోనే రావాలి.

ఇప్పుడు కొత్త ఉద్యోగాలు ఎక్కువగా పుడుతున్నది కంపెనీల లోపల. సెబీ నిబంధన ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్ఎస్ఆర్ అనే సుస్థిరత నివేదిక ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల దిగుమతులపై కర్బన సుంకం తెచ్చింది. కాబట్టి ఉద్గారాల లెక్క వచ్చినవారికి గిరాకీ ఉంది. కంపెనీ సొంత చిమ్నీ నుంచి వచ్చేది స్కోప్ 1, కొన్న కరెంటు తాలూకుది స్కోప్ 2, ముడిసరుకు నుంచి వాడకం దాకా మిగతా గొలుసంతా స్కోప్ 3.

ఇక్కడా ఏది కొలుస్తున్నామన్నదే అసలు విషయం. పల్నాడులోనో తాడిపత్రిలోనో సిమెంటు ఫ్యాక్టరీ సోలార్ పలకలు పెట్టిందంటే మంచిదే. అది స్కోప్ 2ను తగ్గిస్తుంది. కానీ సిమెంటుకు మూలం సున్నపురాయి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. బొగ్గు బదులు ఏ ఇంధనం వాడినా ఆ 44 కిలోలు మారవు, అది రాయిలోనే ఉంది. తగ్గాలంటే సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ వాటా తగ్గించి ఫ్లై యాష్, స్లాగ్ కలపాలి. ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీ గట్టిగా గుర్తున్నవాడికి ఈ ఉద్యోగంలో విలువ ఉంటుంది. రంగురంగుల నివేదిక పేజీలు తయారుచేయడం మాత్రమే వచ్చినవాడి అవసరం తొందరగా తీరిపోతుంది.

విదేశాలకు వెళ్లేవారికి ఒక మాట. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ఒక ఏడాది, చివరి మూడు నాలుగు నెలలు డిసర్టేషన్. పద్ధతులు బాగా నేర్పుతారు. చట్టాలు మాత్రం వాళ్లవి. తిరిగొచ్చి ఇక్కడ పనిచేయాలనుకుంటే 1974 నీటి చట్టం, 1981 వాయు చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇచ్చే సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటే స్థాపన, నిర్వహణ అనుమతుల తంతు సొంతంగా చదువుకోవాలి. డిసర్టేషన్‌కు మన జిల్లాలోని ఒక చెరువునో నదీపాయనో ఎంచుకోవడానికి గైడును ఒప్పించగలిగితే సగం పని అక్కడే అవుతుంది.

ఇక్కడి కోర్సును ఎంచుకునేవారు బ్రోచర్ పక్కనపెట్టి సీనియర్లను అడగండి. నమూనా సీసాలు మీరే నింపారా, ల్యాబ్ అసిస్టెంట్ నింపాడా? ఒక ఈఐఏ నివేదికను మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎప్పుడైనా చదివించారా? ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) తీర్పు ఒక్కటైనా క్లాసులో చర్చించారా? జవాబులు లేవంటే ఆ కోర్సు పేరెంత కొత్తగా ఉన్నా ఇంకోటి చూసుకోవడం మేలు.

ఏ కోర్సులోనూ చేరకముందే చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఈఐఏలో భాగమైన ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు వేయాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. ముసాయిదా నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. 2020లో కొత్త ఈఐఏ ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది కూడా ఇందుకే. మీ జిల్లాలో ఈసారి నోటీసు పడినప్పుడు ఆ తెలుగు సారాంశం సంపాదించి రెండుసార్లు చదవండి. గాలిని ఏ నెలల్లో కొలిచారో, నీటి నమూనాలు ఏ ఊళ్ల నుంచి తీశారో, నేలను ఏమని రాశారో గుర్తుపెట్టుకోండి. ఆ రోజు పొద్దున్నే వెళ్లి, వెనక వరుసలో కూర్చున్న రైతులు లేచి మాట్లాడేదాకా ఉండండి.