ఒకటి పీకితే పది వస్తాయా? లేజర్‌కు ముందు ప్లక్కర్ ఎందుకు ఆపాలి?

గడ్డం కింద మొలిచిన వెంట్రుకను ప్లక్కర్‌తో లాగబోతే ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే అనే మాట, "ఒకటి పీకితే పది వస్తాయే!" అని. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా తెలుగిళ్లలో ఈ మాట వినని ఆడపిల్ల అరుదు. ఇందులో నిజమెంత? ఇప్పుడు లాగేస్తే రేపు లేజర్ చేయించుకోవడానికి అడ్డమా? వేలకు వేలు కట్టే ముందు ఈ సంగతులు తెలుసుకోవడం మంచిది.

వెంట్రుక ఎక్కడ పుడుతుంది?

మనకు పైకి కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారైన పోగు. ప్రాణమంతా చర్మం లోపలి కుదురులో ఉంటుంది. ఒంటి మీద కుదుళ్లన్నీ మనం పుట్టకముందే ఏర్పడిపోతాయి. ప్లక్కర్‌తో లాగినంత మాత్రాన కొత్త కుదుళ్లు పుట్టవు. కాబట్టి ఒకటి పీకితే పది రావు.

లాగినప్పుడు వెంట్రుక చివర తెల్లటి ఉండ కనిపిస్తుంది. వేరుతో సహా వచ్చేసిందని అనుకుంటాం. కానీ కొత్త వెంట్రుకను పుట్టించే కణాలు కుదురులోనే మిగిలిపోతాయి. అందుకే కొన్ని వారాల్లో వెంట్రుక మళ్లీ వస్తుంది. షేవింగ్ చేస్తే చర్మం పైభాగమే తెగుతుంది కాబట్టి రెండు మూడు రోజులకే కనిపిస్తుంది.

మరి ఎక్కువైనట్టు ఎందుకు అనిపిస్తుంది?

సన్నని నూగును నల్లగా, ముదురుగా మార్చేది హార్మోన్లు. ఈడొచ్చే వయసులో, మళ్లీ నెలసరి ఆగిపోయే వయసులో ఈ మార్పు ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనం ప్లక్కర్ పట్టుకుంటాం, తప్పు దాని మీద వేస్తాం. పైగా కుదుళ్లన్నీ ఒకేసారి పనిచేయవు. కొన్ని పెరుగుతుంటే కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. ఈ రోజు లాగిన దాని పక్కన వారానికి ఇంకొకటి పైకి వస్తే, అదే మళ్లీ వచ్చిందని అనుకుంటాం.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకమూ ఇలాంటిదే. షేవింగ్ వల్ల వెంట్రుక మందం గానీ, పెరిగే వేగం గానీ మారదని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపారు. తెగిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

2015లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన పరిశోధన ఒకటి వార్తల్లోకి వచ్చింది. ఒక పద్ధతి ప్రకారం 200 వెంట్రుకలు లాగితే 1,200 వరకు మొలిచాయి. అయితే అక్కడ కూడా కొత్త కుదుళ్లు పుట్టలేదు, నిద్రలో ఉన్నవే మేలుకున్నాయి.

లాగడం వల్ల నష్టం లేదా?

ఉంది. ఏళ్ల తరబడి లాగితే కనుబొమల్లో కొన్ని చోట్ల వెంట్రుకలు రావడం తగ్గిపోవచ్చు. మధ్యలో తెగితే కొస చర్మంలోపలే వంకర తిరిగి కురుపు లేస్తుంది. చామనఛాయ చర్మం మీద ఆ కురుపు మానినా నల్లమచ్చ చాలాకాలం ఉంటుంది.

లేజర్‌కు ముందు

లేజర్ కాంతిని పట్టుకునేది వెంట్రుకలోని నల్ల రంగు. ఆ వేడి కిందికి దిగి కుదురును దెబ్బతీస్తుంది. వెంట్రుకను ముందే లాగేస్తే కుదురు ఖాళీగా ఉంటుంది, కాంతి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కట్టిన డబ్బు వృథా. అందుకే సిట్టింగ్‌కు కనీసం 4 వారాల ముందు నుంచి ప్లక్కర్, త్రెడింగ్, వ్యాక్సింగ్ మూడూ ఆపాలి. సిట్టింగ్‌ల మధ్య కూడా అంతే. షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు, ఎందుకంటే కుదురులోని వెంట్రుక అలాగే ఉంటుంది.

తెల్ల వెంట్రుకల మీద లేజర్ పనిచేయదు. వాటికి సన్నని సూదితో ఒక్కొక్క కుదురులోకి కరెంటు పంపే ఎలక్ట్రాలసిస్ ఉంది. 1875 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. దీనికి కూడా కుదురులో వెంట్రుక ఉండాల్సిందే. మన రంగు చర్మానికి ఎన్‌డీ-యాగ్ లేజర్‌తో కాలిన మచ్చలు పడే ప్రమాదం తక్కువ. ఏ లేజర్ వాడుతున్నారో ముందే అడగండి. కొందరికి ముఖం మీద లేజర్ తర్వాత వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి. ఆ సంగతీ అడగండి.

ముందు డాక్టరు, తర్వాత పార్లర్

గడ్డం మీద, పైపెదవి మీద ముదురు వెంట్రుకలతో పాటు నెలసరి తప్పుతుంటే అది పీసీఓఎస్ కావచ్చు. ఉన్నట్టుండి వెంట్రుకలు పెరిగినా, గొంతు బొంగురుపోయినా ఆలస్యం చేయొద్దు. లోపలి కారణానికి వైద్యం చేయకుండా లేజర్ ఒక్కటే చేయిస్తే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. "పీకావు, అందుకే వచ్చాయి" అని అమ్మాయిని తిట్టే బదులు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

డాక్టరు తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా, ఒడియాలో అడిగినా మీరు చెప్పాల్సినవి మూడే: చివరిసారి ఎప్పుడు లాగారు, నెలసరి సరిగా వస్తోందా, ఏ మందులు వాడుతున్నారు. ఇవి చెప్పాకే డబ్బు కట్టే మాట.