స్ప్రేయర్ బోర్డు మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

కృష్ణా డెల్టాలో సార్వా వరి పొట్టకొచ్చే రోజుల్లో సుడిదోమ కనిపించిందంటే రైతుకు కంటిమీద కునుకు వుండదు. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే యీ దోమను నాలుగు రోజులు పట్టించుకోకపోతే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. వరి కోసిన మాగాణిలో మినుము వేసినవారికి తెల్లదోమ బెడద, దాని వెంట పల్లాకు తెగులు. మందు ఏ రోజు కొట్టాలో ఆ రోజే కొట్టాలి. సరిగ్గా ఆ రోజునే పెట్రోల్ స్ప్రేయర్ మొరాయిస్తుంది. తాడు లాగి లాగి చెయ్యి పడిపోతుంది గాని ఇంజను అందుకోదు. ప్లగ్గు విప్పి చూస్తే రవ్వ లేదు.

"బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే" అన్న మాట వెంటనే వినిపిస్తుంది. బోర్డు కోసం పట్నం వెళ్లాలి. అవనిగడ్డ నుంచి విజయవాడ ఆటోనగర్ అరవై కిలోమీటర్ల పైమాటే. నాగాయలంక, కోడూరు వైపు వారికి యింకా దూరం. బోర్డు ఖరీదు, బస్సు చార్జీలు, ఒక రోజు పని అన్నీ పోగా, తీరా బిగించిన తరువాత కూడా రవ్వ రాకపోతే? విప్పిన ఎలక్ట్రికల్ సామాను చాలా దుకాణాల్లో వాపసు తీసుకోరు. డ్రోన్లు, బ్యాటరీ స్ప్రేయర్లు వచ్చిన మాట నిజమే. అయినా ఎకరం రెండెకరాలు కౌలుకు చేసే ఎందరో రైతుల భుజాన నేటికీ వున్నది పెట్రోల్ స్ప్రేయరే. మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు చేతిలో వుంటే తప్పు ఎక్కడుందో చాలావరకు గట్టుమీదే తేల్చుకోవచ్చు.

బోర్డు చేసే పని

వెనుకటి పెట్రోల్ ఇంజన్లలో పాయింట్లు, కండెన్సరు వుండేవి. పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది రైతే బాగుచేసుకునేవాడు. యిప్పటి ఇంజన్లలో వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ సర్క్యూటు వచ్చింది. దాన్నీ కాయిల్‌నీ ఒకే ముద్దగా చేసి, బంకలాంటి పదార్థం పోసి గట్టిపరుస్తారు. లోపల ఏముందో విప్పి చూసే వీలు లేదు. కనిపించని దానిమీదకే నేరం తోసేయడం తేలిక.

ఇంజను ఫ్లైవీల్‌కు అయస్కాంతం వుంటుంది. తాడు లాగినప్పుడు అది బోర్డు పక్కగా తిరిగి, లోపలి తీగచుట్టలో కరెంటు పుట్టిస్తుంది. సరైన క్షణంలో ఎలక్ట్రానిక్ భాగాలు ఆ కరెంటును తెగ్గొట్టడమో, నిలవ చేసిన శక్తిని ఒక్కసారిగా వదలడమో చేస్తాయి. దాంతో సన్నతీగ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు కొసన రవ్వగా దూకుతుంది. బోర్డు నుంచి మరో సన్న తీగ స్టాప్ స్విచ్‌కు వెళుతుంది. స్విచ్ ఆపినప్పుడు ఆ తీగ ఇంజను బాడీకి కలిసి రవ్వ ఆగిపోతుంది. యీ తీగ తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఫలితం అదే. స్విచ్ ఆన్‌లోనే వుంటుంది, రవ్వ మాత్రం రాదు. బోర్డుకు యిందులో ఏ పాపమూ వుండదు.

ముందు తీగ విప్పండి

పరీక్షకు కూర్చునే ముందు మందు డబ్బాను, పెట్రోలును దూరంగా పెట్టండి. ఒలికిన పెట్రోలు తుడిచి ఆరనివ్వండి. మంచిదని తెలిసిన ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని లోహపు భాగాన్ని ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజను బాడీకి గట్టిగా ఆనించి తాడు లాగండి. క్యాప్‌ను ఊరికే గాలిలో వదిలి లాగవద్దు. రవ్వకు దారి లేక కాయిల్ లోపలే దెబ్బతినవచ్చు.

రవ్వ రాకపోతే స్టాప్ స్విచ్‌కు వెళ్లే తీగను బోర్డు దగ్గర విడదీసి మళ్లీ లాగండి. యిప్పుడు రవ్వ వచ్చిందంటే బోర్డు బాగున్నట్లే, తప్పు స్విచ్‌లోనో తీగలోనో వుంది. ఒక్క జాగ్రత్త మరవద్దు. ఆ తీగ విప్పి వుండగా ఇంజను స్టార్టు చేస్తే స్విచ్‌తో ఆగదు, చోక్ మూసి ఆపవలసి వుంటుంది.

మీటరు చెప్పే సంగతులు

మీటరును ఓముల మీదకు తిప్పి, రెండు సూదులనూ ఒకదానికొకటి ఆనించండి. చవక మీటర్లలో సున్నాకు బదులు అర ఓము దాకా చూపవచ్చు. అది సూదుల తీగల లెక్క, చిన్న కొలతల్లో తీసివేయాలి. ఇంజను తిరగనప్పుడే కొలవండి. రవ్వ వచ్చేచోట వోల్టులు చూద్దామని మీటరు పెడితే మీటరే కాలిపోతుంది.

మొదట స్విచ్. విడదీసిన తీగ కొసన ఒక సూది, బాడీకి రెండోది ఆనించండి. స్విచ్ ఆన్‌లో వున్నప్పుడు మీటరు ఏమీ పలకకూడదు. ఆఫ్‌లో సున్నా దగ్గరికి రావాలి. ఆన్‌లో కూడా సున్నా చూపితే తీగ ఎక్కడో తగులుతున్నదన్న మాట. తీగను కొద్దికొద్దిగా కదుపుతూ చూడండి, ఒరిసిన చోటు దొరుకుతుంది. చుట్టూ టేపు వేస్తే పని అయిపోతుంది.

రెండవది ఎర్తు. బోర్డు యినుప పలకల మీద ఒక సూది, ఇంజను బాడీ మీద మరో సూది పెడితే సున్నా రావాలి. దివిసీమ ఉప్పుగాలికి, ఒలికిన మందుకు బోల్టుల కింద తుప్పు చేరుతుంది. విప్పి గీకి మళ్లీ బిగించండి.

మూడవది ప్లగ్గు. మధ్య కొసకూ చుట్టూవున్న లోహానికీ మధ్య మీటరు పలకకూడదు. పలికితే మసిపట్టడమో, పింగాణీ పగలడమో జరిగింది. ప్లగ్గు పైకొస నుంచి లోపలి కొసకు సాధారణ ప్లగ్గయితే సున్నా దగ్గర, రెసిస్టర్ రకమైతే దాదాపు 5 వేల ఓములు వుంటుంది. క్యాప్‌ను కూడా విడిగా కొలవండి. కొన్ని క్యాపుల్లోనూ రెసిస్టర్ వుంటుంది. అది తెగితే మీటరు పలకదు.

చివరకు బోర్డు. క్యాప్ తీసి, లావు తీగ లోపలి రాగికీ బోర్డు యినుప పలకలకూ మధ్య కొలవండి. సాధారణంగా కొన్ని వేల ఓములు వస్తుంది. మోడలును బట్టి అంకె మారుతుంది. ఏమీ పలకకపోతే ముందు తీగ కొసను కొద్దిగా కోసి మళ్లీ చూడండి. అప్పటికీ పలకకపోతే లోపలి సన్నతీగ తెగినట్లే. బోర్డు మార్చక తప్పదు.

మీటరుకు అందనివి

యిక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. తీగచుట్ట బాగున్నంత మాత్రాన బోర్డు బాగున్నట్లు కాదు. లోపలి ఎలక్ట్రానిక్ భాగాలను చిన్న మీటరు పూర్తిగా పరీక్షించలేదు. స్టాప్ తీగ కొస దగ్గర వచ్చే అంకె మీటరును బట్టి, సూదులు మార్చి పెట్టినదాన్ని బట్టి మారిపోతుంది. అదే మోడలు మంచి బోర్డును అదే మీటరుతో కొలిచి పోల్చుకుంటేనే ఆ అంకెకు అర్థం. కొన్ని బోర్డులు చల్లగా వున్నప్పుడు పనిచేసి, అరగంట నడిచాక వేడెక్కి చచ్చిపోతాయి. అలాంటివాటిని ఆగిన వెంటనే వేడిమీదే కొలవాలి.

బోర్డుకూ ఫ్లైవీల్‌కూ మధ్య సందు కూడా చూడాలి. చాలా చిన్న ఇంజన్లలో అది 0.3 మిల్లీమీటర్ల ప్రాంతంలో, మందపాటి విజిటింగ్ కార్డు పట్టేంత వుంటుంది. యివన్నీ సరిగా వుండి కూడా రవ్వ రాకపోతే అప్పుడు బోర్డును అనుమానించండి. రవ్వ బాగా వచ్చీ ఇంజను అందుకోకపోతే మాత్రం కార్బ్యురేటర్, ఫ్లైవీల్ కీ వైపు చూడాలి.

కావలసిందేమిటి?

మెకానిక్కులను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఏ మోడలుకు ఎన్ని ఓములు రావాలో వారి చేతికీ కాగితం అందడం లేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని వేసింది. ముందుగా పరిశీలించే రంగాల్లో వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. ఆ హక్కు రైతు చేతికి రావాలంటే అమ్మే ప్రతి స్ప్రేయర్‌తోనూ తెలుగులో సర్క్యూట్ బొమ్మ, కాయిల్ ఓముల అంకె, సందు కొలత యివ్వాలి.

2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, యిప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలవబడుతున్నవి వూళ్లలోనే వున్నాయి. అక్కడ ఒక మీటరు, ఆ ప్రాంతంలో ఎక్కువగా వాడే మోడళ్ల మంచి బోర్డులు ఒక్కొక్కటి వుంచితే పోల్చి చూసుకోవడం ఎంతసేపు? ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాలు సార్వా ముందు ఒక్కరోజు శిక్షణ పెట్టినా ఎంతో మేలు. అందాకా నలుగురు రైతులు కలిసి ఒక మీటరు కొనుక్కోండి. యింజను బాగున్న రోజునే కాయిల్ కొలిచి, ఆ అంకెను ట్యాంకు మీద చెరగని సిరాతో రాసిపెట్టుకోండి. దోమ పడిన రోజున ఆ అంకే దారి చూపుతుంది.